ఉప్పు చూసిన పిల్ల

మా స్వామివారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. చీపురు పట్టిస్తారు, నీళ్ళు మోయిస్తారు. ఈ పద్ధతి నాకు ఏనాడూ నచ్చలేదు. తెలిసిందేదో నోటితో చెబితే మీ సొమ్మేం పోయిందని మొహం మీదే అడిగాను కూడా. నన్ను కొబ్బరి కోరడానికి పంపారు. అప్పట్నించీ ఆశ్రమం వంటింట్లో కొబ్బరి కోరడం నా పనే అయింది.

హైమవతి మా ఆశ్రమానికి వచ్చేపోయే మనిషి. కాకినాడలో ఆడపిల్లల బడిలో తెలుగు చెబుతుంది, పెళ్ళి చేసుకోలేదు. తను పెరిగిన ఇంటి మీద ఆవిడ రాసిన నవల ఆ ఏడే అచ్చయింది. చదివాక నాకు అన్నం సహించలేదు. తండ్రి యజ్ఞనారాయణగారు ఊరందరూ కాళ్ళకు మొక్కే నిష్ఠాపరుడు. ఇంట్లో మటుకు, శ్లోకం తప్పు పలికితే ఆ పెద్దమనిషి పిల్లని తడిబట్టతో పెరట్లో నిలబెట్టేవాడు. ఓసారి నైవేద్యానికి చేసిన చలిమిడి వేలితో నాకిందని అట్లకాడ కాల్చి మణికట్టు మీద వాత పెట్టాడు. తల్లి తలుపు చాటున కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. వాత పెట్టి, చేతులు కడుక్కుని, చక్కటి కంఠంతో మంత్రపుష్పం చదివాడట. ఆ తర్వాత అదే చేతిలో ప్రసాదం పెట్టి కళ్ళకద్దుకోమన్నాడట. ఛీ, ఏం మనుషులో!

ఈసారి ఆవిడ వచ్చింది గవరమ్మ కోసం. గవరమ్మకి ఎనిమిదేళ్ళుంటాయి, నా అన్నవాళ్ళు లేరు. మేనమామ ఎవరో తెచ్చి మా గుమ్మంలో దింపి వెళ్ళిపోయాడు. ఎవరితోనూ కలవని ఆ పిల్ల, హైమవతి వస్తే మాత్రం "టీచరుగారూ, టీచరుగారూ" అంటూ కొంగు పట్టుకుని తిరిగేది.

"పిల్లని నాకివ్వండి స్వామీ, పెంచుకుంటాను" అంది హైమవతి. "పిల్లల్ని ఎలా పెంచకూడదో నాకన్నా ఎవరికి తెలుసు? నాన్న పోయారు. ఉన్నదంతా నవల్లో రాసి పారేశాను. ఇక ఆయన పీడ నాకు వదిలినట్టే. వదిలినట్టేనా?"

"రేపు నైవేద్యానికి పులిహోర నువ్వు కలుపు. గవరమ్మ సాయం ఉంటుంది" అన్నారు స్వామివారు.

మర్నాడు వంటింట్లో ముగ్గురమే ఉన్నాం. హైమవతి మహా హుషారుగా ఉంది. పిల్లకి జడ వేసింది, కరివేపాకు దూయించింది, మా ఇంట్లో కిటికీ పక్కన పడుకుంటావా అని అడిగింది. పోనీలే, ఇద్దరికీ ఒక తోడు దొరుకుతోంది కదా అని నాకూ సంతోషమే అయింది. నైవేద్యం వంటకి ఉప్పు చూడకూడదు. కంటి అంచనాతో వెయ్యాలి, దేవుడికి పెట్టేదాకా నాలుక్కి తగలకూడదు. మాకు అది ఎంతగా అలవాటంటే, పిల్లకి చెప్పాలన్న సంగతే ఇద్దరికీ తోచలేదు.

పులుసు కలిపిన అన్నంలో హైమవతి పోపు ఒంపింది. కాలుతున్న గరిటె చేత్తో పట్టుకునే అరిటాకు కోసం పక్కకి తిరిగింది. ఇటు తిరిగేసరికి గవరమ్మ నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని, మొహం ఇంత చేసుకుని, "ఉప్పు సరిపోయిందమ్మా!" అంది. హైమవతిని అది అమ్మా అనడం అదే మొదలు.

ఆ పిలుపు ఆవిడ చెవిన పడనే లేదు. ఎడంచేత్తో పిల్ల మణికట్టు దొరకబుచ్చుకుంది. కుడిచేతిలో గరిటె పైకి లేచింది. "ఎంగిలి చేస్తావా? దేవుడు చూస్తున్నాడన్న భయం లేదూ?" అని అరిచింది. ఆ మాట నేను నవల్లో చదివాను. అక్కడ అన్నది యజ్ఞనారాయణగారు.

నేను లేవబోయాను, పాడు మోకాళ్ళు లేవనిస్తేగా. గవరమ్మ పారిపోలేదు, ఏడవనూ లేదు. పట్టుకున్న చెయ్యిని తనే వెల్లకిలా తిప్పి, కళ్ళు గట్టిగా మూసుకుని, అలాగే ఉంచింది. మోచేతి దాకా పాత మచ్చలున్నాయి. ఇన్నాళ్ళూ అవి గజ్జి మచ్చలని అనుకున్నాం మేము.

ఆ చెయ్యి చూసి హైమవతి గరిటె వదిలేసింది. నేల మీద కూలబడి, "నేను కాల్చలేదు, నేను కాల్చలేదు" అంటూ ఏడ్చింది. దగ్గరికి తీసుకోబోతే పిల్ల వచ్చి నా వెనక నక్కింది. దాని గుండె కొట్టుకోవడం నా వీపుకి తెలుస్తోంది.

స్వామివారు గుమ్మంలో ఉన్నారు. ఎప్పుడొచ్చారో నేను చూడలేదు. పసిదాన్ని అలా తెచ్చి ఎదురుగా పెట్టినందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆయన వంగి, "ఉప్పు సరిపోయిందా తల్లీ?" అని గవరమ్మని అడిగారు. అది భయపడుతూనే తలూపింది. ఆ పులిహోరనే ఆకులో పెట్టించుకుని దేవుడి దగ్గరికి తీసుకెళ్ళారు.

సాయంత్రం హైమవతి సంచీ సర్దుకుని సెలవు తీసుకోవడానికి వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"నేను కాల్చలేదు స్వామీ" అంది మళ్ళీ.

"కాల్చలేదు" అన్నారాయన.

"పిల్లని ఇమ్మని ఇంకెప్పుడూ మిమ్మల్ని అడగను."

ఆవిడ వంగి దణ్ణం పెట్టి లేచేదాకా ఆగారు స్వామివారు.

"ఇవాళ్టిది కూడా రాయమ్మా" అన్నారు. "రాసి, ముందు గవరమ్మకి చదివి వినిపించు. అప్పుడు అడుగు. నన్ను కాదు."