మడి పంచె – అపర సూర్యుడు

ఒరేయ్ పిల్లలూ, తడి తువ్వాలును ఉండచుట్టి పెట్టెలో పెట్టి మూత వేస్తే ఆరుతుందా? ఆరదు కదూ. ఎందుకారదో ఆలోచిస్తూ వినండి.

వానలు విడవని ఒకానొక రాజ్యంలో చండభానుడనే రాజు ఉండేవాడు. వందిమాగధులు ఆయన్ని అపర సూర్యుడని రోజూ పొగిడేవారు. వినీ వినీ ఆయన నిజమేననుకున్నాడు.

ఆయనకు మడి పట్టింపు జాస్తి. పూజకు కట్టే జరీ పంచెను ఎవరూ ముట్టుకోకూడదు సరే, ఊరి గాలి తగిలినా మైలేనన్నాడు. దాంతో మడిబట్టలు ఆరేసే సోమిదేవమ్మ ఆ పంచెను కిటికీలు బిగించిన గదిలో దండెం మీద వేసి తాళం పెట్టింది. తెల్లారి చూస్తే తడి తడిగానే ఉంది. అదే కట్టుకుని పూజలో కూర్చున్న రాజుగారు మంత్రానికో తుమ్ము తుమ్మారు.

సోమిదేవమ్మ కావాలనే పిండకుండా ఆరేసిందని మంత్రి తేల్చాడు. పొద్దుగూకేలోగా రాజ్యం విడిచి పొమ్మన్నాడు రాజు. ఆ ముసలావిడకు మరో నీడ లేదు. రోజూ ఆమె చేతి చారన్నం తినే విదూషకుడు కొండుభట్టుకు గుండె చివుక్కుమంది. పైకి మాత్రం నవ్వుతూనే, ఆ పంచెను కర్రతో ఎత్తి తెచ్చి, మడతలు విప్పకుండానే సింహాసనం ఎదుట దండెం మీద వేశాడు.

"ఇదేమిటయ్యా భట్టూ?" అన్నాడు రాజు.

"అపర సూర్యులు ఎదురుగా ఉండగా వేరే ఎండ దేనికి ప్రభూ? కాస్త ప్రకాశించండి."

రాజు ఛాతీ విరిచి కూర్చున్నాడు. ఎంతసేపటికీ పంచె ఆరలేదు కానీ, ప్రకాశించీ ప్రకాశించీ రాజుగారికే చెమట పట్టింది.

అప్పుడు కొండుభట్టు మడతలు విప్పి పంచెను వెడల్పుగా పరిచాడు. సభలో కిటికీలన్నీ తెరిపించాడు. ఆ ఉక్కలో రాజుకు మైల మాటే గుర్తురాలేదు. రాజుకు విసురుతున్న వింజామరలను పంచె వైపు తిప్పించాడు. సభ ముగిసే వేళకు పంచె ఫెళఫెళలాడింది.

చూశారా, మూసిన గదిలో గాలి తేమతో నిండిపోయింది. ఇక తడి ఎక్కడికి పోతుంది? విప్పి పరిస్తే, పాత గాలి పోయి కొత్త గాలి వస్తుంటే, నీరు ఆవిరై దానితో వెళ్లిపోతుంది.

"ఇంత చిన్న సంగతి నాకెవరూ చెప్పలేదేం?" అన్నాడు రాజు.

"గది నిండా తేమ ఉంటే పంచె తడికి చోటుండదు ప్రభూ. తమ చెవుల నిండా పొగడ్తలున్నాయి. మా మాటకు చోటెక్కడిది?"

మంత్రి మొహం మాడింది. రాజు ఉరిమి చూసి, చూసి, పకపకా నవ్వేశాడు. సోమిదేవమ్మను కోటలోనే ఉండమన్నాడు. గది కిటికీలు తెరిపించాడు. ఆ జరీ పంచెను కొండుభట్టు భుజాన కప్పి, "ఇది నువ్వే ఉంచుకోవయ్యా. నాకిక ప్రకాశించే ఓపిక లేదు" అన్నాడు.

సరే, నన్ను లేవనివ్వండి. చింతపండు గింజలు సగమే తీశాను.