మంచు సముద్రానికి ఇసుక తొట్టి

అనగనగా ఒక అడవి ఉండేది. అడవి అనగానే పులులూ గుహలూ అనుకోకండర్రా. ఇది మడ అడవి. నది వెళ్ళి సముద్రంలో కలిసే చోట, ఉప్పునీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నిలబడ్డ చెట్ల అడవి. పోటు వస్తే సగం మునుగుతుంది, ఆటు వస్తే బురదంతా బయటపడుతుంది. అక్కడ ఎండాకాలం మంట, వానాకాలం ఉక్క. చలికాలం అని పేరుకి ఒకటి ఉంది గానీ, పొద్దున్నే కాస్త మంచు కురుస్తుంది, ఎండ రాగానే పోతుంది.

ఆ అడవిలో అప్పలకొండ అనే ఉడుము ఉండేవాడు. వాడికి ఒకటే పిచ్చి. చచ్చేలోగా ఒక్కసారి మంచుకొండ చూడాలి.

ఆ పిచ్చి ఎక్కించింది బంగారి. బంగారి అంటే వంపు ముక్కున్న ఉల్లంకి పిట్ట. ఏటా ఉత్తరం నుంచి ఎగురుకుంటూ వచ్చి, చలికాలమంతా ఇక్కడి బురదలో పురుగులు ఏరుకుని, ఎండలు ముదరగానే వెళ్ళిపోయేది. సాయంత్రమైతే చాలు, అందరూ దాని చుట్టూ చేరేవారు.

"మా తీరంలో కొండలు నెత్తి నుంచి పాదం దాకా తెల్లగా ఉంటాయి" అనేది బంగారి. "సముద్రం ఒడ్డునే మంచు గోడలు. ఉండుండి ఒక గోడ ఫెళ్ళున విరిగి నీళ్ళలో పడుతుంది. ఆ చప్పుడుకి తిమింగలాలు తలెత్తి చూస్తాయి. ఎండాకాలంలో అక్కడ పొద్దే గూకదు. పడుకోండర్రా అని కసిరేవాళ్ళు కూడా ఉండరు."

అప్పలకొండ నోరు తెరుచుకుని వినేవాడు. పక్కనే వాడి నేస్తం నూకాలు కూర్చునేది. నూకాలు నీటికుక్క. ఒళ్ళంతా ఒత్తైన బొచ్చు, నోరు తెరిస్తే కబుర్లు. "ఒరే, మనిద్దరం కలిసే వెళ్దాం" అనేది. "కలిసే" అనేవాడు అప్పలకొండ. చిన్నప్పటి నుంచీ అదే మాట.

ఆ ఏడు బంగారి వస్తూనే పెద్ద కబురు మోసుకొచ్చింది. సరంగు పేరయ్య ఓడ ఈసారి మన పాయ ముందు ఆగుతుందట. దక్షిణపు గాలి తిరగ్గానే ఉత్తరానికి బయలుదేరుతుందట. కావలసినవాళ్ళు ఎక్కచ్చట.

ఇక చూడండి సందడి. ఎక్కడ చూసినా ప్రయాణం మాటే. బావురుపిల్లి గవరమ్మ పెత్తనం తీసుకుంది. ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకుంది. మూతి మీద మీసాలు సవరించుకుని, "తలకొక గంప. అందులోనే తిండి, అందులోనే కప్పుకునేవి. గంప దాటితే నేను ఊరుకోను" అంది. చేపలు ఎండబెట్టడం మొదలుపెట్టింది. నూకాలు పాయ అడుగున మునిగి నున్నటి గులకరాళ్ళు ఏరసాగింది. ఉత్తరాన కూడా నీటికుక్కలు ఉంటాయని బంగారి చెప్పింది మరి. మొదటిసారి చుట్టాలింటికి వెళ్తూ వట్టి చేతులతో ఎలా వెళ్తుంది?

ఒక సాయంత్రం బంగారి అందరినీ కూర్చోబెట్టి అడిగింది. "అక్కడి చలి ఇక్కడి చలి లాంటిది కాదు. మీలో చలి పడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఇప్పుడే చెప్పండి. ఓడ ఒకసారి కదిలితే మళ్ళీ వెనక్కి తిరగదు."

అప్పలకొండ మెల్లగా ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎందుకంటారా? వాడికి ఒక కష్టం ఉంది. చలికాలం పొద్దున వాడి కాళ్ళు కదలవు, మెడ తిరగదు. ఎండ ఎక్కి ఒళ్ళు కాగితే తప్ప పుట్టలోంచి బయటికి రాలేడు. అందరూ వాడు బద్ధకస్తుడు అనుకునేవారు. వాడూ అనుకోనిచ్చాడు. ఇప్పుడు నిజం చెబితే, "అయితే నువ్వు ఇంట్లోనే ఉండు నాయనా" అంటారేమోనని వాడి భయం.

"నాకేం చలి? నా తోలు చూశారా, తాటిమట్ట" అన్నాడు అప్పలకొండ. అందరూ నవ్వారు. ఆ మాట అక్కడితో అయిపోయింది.

మరి కొన్నాళ్ళకి ఓడ వచ్చింది. తెరచాపలు దించుకుని పాయ ముందు లంగరు వేసింది. సరంగు పేరయ్య గూడబాతు. ముక్కు కింద సంచి ఊగించుకుంటూ ఒడ్డుకి వచ్చి, గంపలన్నీ ఎత్తి ఎత్తి చూశాడు.

"ఓడ పక్కన ఎర్ర గీత ఉంది. బరువుకి ఆ గీత మునిగితే నేను లంగరు ఎత్తను. అది గుర్తుంచుకోండి" అన్నాడు. "ఇంకో మాట. ఓడలో వంట పొయ్యి పక్కన వెచ్చటి చోటు ఒకటుంది. గుండ్రటి కిటికీ కూడా ఉంది. చలికి ఆగలేనివాళ్ళ కోసం అట్టే పెట్టాను. మీలో ఎవరికైనా కావాలా?"

నాకు కావాలి. ఆ మాట అప్పలకొండ గొంతు దాకా వచ్చింది. ఇంతలో నూకాలు, "మాకెందుకండీ బాబూ, మా అడవివాళ్ళం గట్టివాళ్ళం" అంది. అప్పలకొండ ఆ మాటని మింగేశాడు. పైగా తన గంపలో చలికి కప్పుకోమని నూకాలు కుక్కిన దూదంతా తీసేసి ఎండు రొయ్యలు నింపుకున్నాడు. దూది ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుందని.

ఇక తెల్లవారితే ప్రయాణం. ఆ పగలు బంగారికి ఒక ఆలోచన వచ్చింది. "పక్కనే చేపల రేవు ఉంది కదా. అక్కడ చేపల మీద వేసే ఐసు దిమ్మలు దాచే గది ఉంది. మనుషులు అన్నాలకి వెళ్ళినప్పుడు అందులో కాసేపు కూర్చుని రండి. చలి ఏమిటో తెలుస్తుంది. ఇంకేమైనా కప్పుకోవాలంటే ఇప్పుడే సర్దుకోవచ్చు" అంది.

అందరికీ ఆ మాట భలే నచ్చింది. అప్పలకొండ మాత్రం తప్పించుకునే దారులు వెతికాడు. కడుపు నొప్పన్నాడు. గవరమ్మ వాము నమిలించింది. తోక బెణికిందన్నాడు. నూకాలు తోక పట్టి లాగి సరిచేసింది. ఇక చెప్పడానికేమీ మిగల్లేదు. వెళ్ళక తప్పలేదు.

ఐసు గదిలో దిమ్మలు ఊక కప్పుకుని వరసగా పడుకుని ఉన్నాయి. తలుపు సందులోంచి దూరగానే నూకాలు గెంతింది. "అబ్బ, ముక్కు జివ్వుమంటోంది" అంది. గవరమ్మ దిమ్మని నాలుకతో నాకి, నాలుక అంటుకుపోతే గింజుకుంది. అది చూసి నూకాలు ఒకటే నవ్వు. నవ్వుతూ నవ్వుతూ పక్కకి తిరిగి, "చూశావురా అప్పలకొండా?" అంది.

అప్పలకొండ పలకలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కాళ్ళు కొయ్యలయ్యాయి. నూకాలు తట్టి చూసింది, కుదిపి చూసింది. వాడు కట్టెలా ఒరిగిపోయాడు.

నూకాలు నవ్వు ఆగిపోయింది. ఇద్దరూ కలిసి వాణ్ణి ఈడ్చుకుంటూ బయటికి తెచ్చారు. ఒడ్డు మీద మధ్యాహ్నపు ఇసుక కాలిపోతోంది. వాణ్ణి అందులో పడేసి, మెడ దాకా ఇసుక కప్పి, పక్కనే కూర్చున్నారు. నూకాలు వాడి ముఖం చూస్తూ గోళ్ళు కొరుక్కుంది. చాలాసేపటికి వాడి నాలుక బయటికి వచ్చి లోపలికి వెళ్ళింది. తరవాత ఒక కన్ను ఆడింది.

"బతికాడు" అంది గవరమ్మ. అని, వాణ్ణి తిట్టడం మొదలుపెట్టింది.

అప్పలకొండ ఏడ్చేశాడు. "నాకు చలి పడదు. ఎప్పుడూ పడలేదు. చెబితే నన్ను వదిలేసి వెళ్తారని భయమేసింది" అన్నాడు.

"చెప్పకపోతే ఏమయ్యేదిరా?" అంది నూకాలు. "నడి సముద్రంలో నువ్వు కట్టెలా పడుంటే నేనేం చేసేదాన్ని? అక్కడ ఈ ఇసుక ఎక్కణ్ణించి తెచ్చేదాన్ని?"

పరుగు పరుగున సరంగు దగ్గరికి వెళ్ళారు. పొయ్యి పక్క చోటు అడిగారు. పేరయ్య తల అడ్డంగా ఊపాడు.

"మీకు వద్దన్నారు కదా. పక్క పాయలో ముసలి తాబేలమ్మకి ఇచ్చేశాను. ఆవిడ ఇందాకే సర్దుకుని పడుకుంది కూడాను. నేను అడిగిన రోజున ఒక్క మాట చెప్పి ఉంటే ఆ చోటు నీదే అయ్యేది నాయనా" అన్నాడు.

అప్పలకొండ తల దించుకున్నాడు. ఓడ అక్కడే ఉంది, తెరచాపలు కూడా సిద్ధంగా ఉన్నాయి. తను మాత్రం వెళ్ళలేడు. "మీరు వెళ్ళిరండి. వచ్చాక అంతా నాకు చెప్పాలి, ఏదీ వదలకూడదు" అన్నాడు.

నూకాలు వాడి ఒంటికి అంటుకున్న ఇసుకని గోటితో గీకి చూస్తోంది. ఉన్నట్టుండి సరంగు వైపు తిరిగింది.

"సరంగుగారూ, పొయ్యి మీద వంట అయ్యాక ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం, నిప్పులు అలా ఉంటాయి."

"ఆ నిప్పుల మీద ఇసుక వేడి చేసుకోవచ్చా? శనగలు వేయించేవాళ్ళు చేస్తారే, అలా. ఒక తొట్టి నిండా ఇసుక పోసి వీణ్ణి అందులో కూర్చోబెడతాం. చల్లారినప్పుడల్లా నేను వేడి ఇసుక మోసుకొచ్చి పోస్తాను."

పేరయ్య ముక్కు గోక్కుంటూ ఆలోచించాడు. "చేసుకోవచ్చు. కానీ ఇసుక బరువు. ఎర్ర గీత ఇప్పటికే నీళ్ళని తాకుతోంది. ఎంత ఇసుక ఎక్కిస్తే అంత బరువు దించాలి మరి" అన్నాడు.

అప్పలకొండ ముందు తన రొయ్యల గంప దించేశాడు. అది సరిపోలేదు. గవరమ్మ తన ఎండు చేపల గంప వైపు చూసింది. వాసన పీల్చింది. "దోవలో సముద్రం నిండా చేపలేగా" అని గొణుక్కుంటూ దాన్ని ఒడ్డుకి తోసేసింది. అదీ సరిపోలేదు.

అప్పుడు నూకాలు తన గులకరాళ్ళ గంప తెచ్చి ఒడ్డున బోర్లించింది. ఎన్నో రోజులు మునిగి మునిగి ఏరినవి. తెల్లవీ, ఎర్రవీ, చారలవీ, అన్నీ బురదలో దొర్లిపోయాయి. అప్పలకొండ చూడలేకపోయాడు.

"నేను ముందే చెప్పి ఉంటే ఇవన్నీ ఉండేవి" అన్నాడు.

"ఉండేవి" అంది నూకాలు. కాదని ఓదార్చలేదు. "పద, ఇసుక ఎత్తు."

మర్నాడు పోటు ఎక్కగానే లంగరు లేచింది. దక్షిణపు గాలికి తెరచాపలు బుర్రున నిండాయి. బంగారి ఓడ ముందు ఎగురుతూ దారి చూపించింది. మడ అడవి పచ్చటి గీతలా సన్నబడి కనుమరుగైంది. ఓడ ముందు భాగంలో ఒక కొయ్య తొట్టి, తొట్టి నిండా ఇసుక, ఇసుకలోంచి పైకి చాచిన ఒక ఉడుము మెడ. అటు చూస్తే సముద్రం, ఇటు చూస్తే సముద్రం. అప్పలకొండకి ఆనందం పట్టలేక నిద్రే పట్టలేదు.

గాలి చల్లబడింది. నీళ్ళ రంగు మారింది. ఒక రోజు పొద్దున్నే అప్పలకొండ కేక పెట్టాడు. అందరి కంటే ముందు చూసింది వాడే. వాడు ఆ తొట్టి విడిచి ఎక్కడికీ పోడు కదా మరి.

ఎదురుగా తెల్లటి గోడ. నెత్తి ఎక్కడుందో కనబడనంత ఎత్తు. దాని పగుళ్ళలో నీలం రంగు. బంగారి చెప్పినదంతా నిజమే, కాకపోతే చాలా తక్కువ చేసి చెప్పింది.

నూకాలు పరుగెత్తుకొచ్చి పక్కన నిలబడింది. చూసింది. ఇంకా చూసింది. కాసేపటికి ఒక కాలు ఎత్తి రెండో కాలి మీద పెట్టుకుంది. పళ్ళు టకటక కొట్టుకున్నాయి. మా అడవివాళ్ళం గట్టివాళ్ళం అన్నది ఇదే, గుర్తుందా?

"ఒరే" అంది. "నాకు చలేస్తోందిరా."

అప్పలకొండ నవ్వాడు. "నువ్వు నా కంటే తెలివైనదానివి. వెంటనే చెప్పావు" అన్నాడు. ఒళ్ళు కుదించుకుని పక్కకి జరిగాడు. నూకాలు తొట్టిలోకి దూరి, మెడ దాకా వెచ్చటి ఇసుక లాక్కుంది.

సరిగ్గా అప్పుడే ఎదుట గోడలో ఒక ముక్క ఫెళ్ళున విరిగి నీళ్ళలో పడింది. ఓడంతా ఊగింది. దూరంగా తిమింగలాలు తలెత్తాయి. "కలిసే చూశాం" అంది నూకాలు, ఇసుకలోంచి.

నీతి: మన కష్టం మనవాళ్ళకి ముందే చెప్పుకోవాలి. దాచిపెడితే ఆ కష్టంతో పాటు దాచినందుకు కూడా నష్టపోతాం, మనతో పాటు మనవాళ్ళూ నష్టపోతారు.