తప్పుకాపు ఐరన్

కొండ వెనకున్న గోల్ఫు మైదానాన్ని మనుషులు వదిలేసి వెళ్ళిపోయాక జంతువులు దాన్ని చక్కగా వాడుకున్నాయి. మేకలు గడ్డి కొరుకుతాయి, కుందేళ్ళు గుంటలు తవ్వుతాయి. ఎవరికి తగువొచ్చినా కరుచుకోకుండా ఆటతోనే తేల్చుకోవాలని పెద్ద తలకాయ ఎలుగుబంటి కట్టడి చేసింది. తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేసినవాళ్ళదే గెలుపు. కట్టడి మంచిదే. కాకపోతే ఐరన్లు, అంటే ఇనుప తల ఉన్న ఆట కర్రలు, దాచిన షెడ్డు మాత్రం నక్క చేతిలో పడింది.

ఆ ఏడు ఎండలకు వాగులన్నీ ఎండిపోయి మైదానం మధ్య మడుగు ఒక్కటే మిగిలింది. గేదె, దాని దూడ పొద్దంతా అందులోనే పడుకునేవి. ఒళ్ళు తడవకపోతే వాటి తోలు పగిలి నెత్తురొస్తుంది. నక్కకేమో ఆ మడుగులోని పీతల మీద కన్ను. గేదె పడుకుంటే పీతలు బురదలో దాక్కుంటున్నాయని దాని ఏడుపు. ఆ మాట పైకి అనలేక, గేదె నీళ్ళు పాడుచేస్తోందని తగువు లేవదీసింది.

పాడుచేస్తోందట! తొక్కి తొక్కి అడుగు గట్టిపరిచి, ఆ నీళ్ళు ఇంకిపోకుండా నిలబెట్టిందే ఆ గేదె. ఆ సంగతి ఎవరూ అనలేదు. ఓడినవాళ్ళు మడుగు దరిదాపులకు రాకూడదని నక్క షరతు పెడితే అందరూ తలూపారు.

గేదె ఐరన్ కోసం షెడ్డుకు వెళ్ళింది. తల వెనక గుంటలా తొలిచిన లావుపాటి ఐరన్ ఒకటి గోడకు ఆనించి ఉంది. దెబ్బ కాస్త అటూ ఇటూ అయినా అది బంతిని లేపి ముందుకు పంపుతుంది. ఆటగాడి తప్పు కాస్తుంది కాబట్టి దాన్ని తప్పుకాపు అంటారు. గేదె దాన్ని పళ్ళతో పట్టుకోబోయింది.

"అదెందుకు వదినా నీకు?" అంది నక్క.

"కొత్తగా ఆడేవాళ్ళకు అదే మేలన్నారు బావా."

"ఎవరన్నారో గానీ నీ పరువు తీయడానికే అన్నారు. పేరులోనే ఉంది గదా. తప్పు చేసినవాళ్ళు 'తప్పు కాయండి' అంటూ పట్టుకునే కర్ర అది. పదిమందిలో అది పట్టుకుని నిలబడితే, నీళ్ళు పాడుచేశానని నువ్వే ఒప్పుకున్నట్టు కాదూ?"

గేదె గబుక్కున వెనక్కి తగ్గింది. "మరి నాకేది నప్పుతుంది?"

నక్క తళతళలాడే సన్నటి ఐరన్ ఒకటి తీసింది. "సన్నంచు. ఆరితేరినవాళ్ళు పట్టేది. నీ మెడలో ఉన్న బలం ఈ అడవిలో ఎవరికుంది చెప్పు. నీకు కాక ఇంకెవరికిస్తాను దీన్ని?"

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. సన్నంచు మంచి ఐరనే, కాదనను. కానీ దాని మధ్యలో శనగగింజంత చోట బంతి తగిలితేనే సూటిగా పోతుంది. ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళకే అది లొంగుతుంది. నిన్నగాక మొన్న ఆటలోకి దిగినదాన్ని పొగిడి దాన్ని అంటగట్టడం పచ్చి మోసం.

గేదె సన్నంచు కరిచి పట్టుకుని తల విసిరి కొట్టింది. బంతి పక్కనున్న పొదలోకి పోయింది. మళ్ళీ కొట్టింది. బంతి కదలనైనా లేదు, పళ్ళు మాత్రం జివ్వుమన్నాయి. అటుగా మేస్తున్న మేక ఆగి చూసింది.

"అది నీకెవరిచ్చారక్కా?"

"నక్కబావ. ఐరన్ మంచిదేనే. నా తలే పనికిరానిది. నా మూలాన దూడకు నీళ్ళు లేకుండా పోతాయేమో."

"నీ తలకేం తక్కువ? తప్పుకాపు ఏమైంది?"

గేదె నక్క మాటలన్నీ చెప్పింది. మేకకు కోపం తన్నుకొచ్చింది. "దాని నోరు పడిపోను. షెడ్డు వెనక అది రోజూ కొట్టేది దేంతో అనుకున్నావు? తప్పుకాపుతోనే. కర్ర తలకు ముసుగు తొడిగి తిప్పుతుంది గనక ఎవరికీ తెలీదు. నేను నా కళ్ళతో చూశాను. నువ్వు లేస్తే మడుగులో పీతలు దొరుకుతాయనే దాని ఆరాటమంతా."

గేదె ముక్కుపుటాలు అదిరాయి. "నన్ను నేనే తిట్టుకునేలా చేసిందన్నమాట," అంది.

ఆట రోజు అడవంతా చేరింది. గేదె తప్పుకాపును, సన్నంచును రెండింటినీ తెచ్చి ఎలుగుబంటి ముందు పడేసింది.

"నేను ఆటకు కొత్త. తప్పులు కొడతాను. అందుకే తప్పుకాపుతో ఆడతాను. నీళ్ళు పాడుచేశానని మాత్రం చచ్చినా ఒప్పుకోను."

"చూశారా, తప్పు కాయమంటోంది," అని నక్క నవ్వింది. కొందరు దానితో పాటు నవ్వారు.

"నాది అందరూ చూశారు. బావ చేతిలో ఉన్నది కూడా ముసుగు తీసి చూపించమనండి," అంది గేదె.

నక్క నవ్వు ఆగిపోయింది. "నాదా? నాది... ఇవాళ తేలేదు. ఇది ఉత్త ఊతకర్ర."

"అయితే ఇది తీసుకో. ఆరితేరినవాళ్ళదని నువ్వే ఇచ్చావు," అంటూ గేదె సన్నంచును కాలితో ముందుకు తోసింది.

పదిమంది కళ్ళూ తన మీదే ఉండేసరికి నక్క దాన్ని తీసుకోక తప్పలేదు. వెనక కాళ్ళ మీద నిలబడి దర్జాగా ఊపింది. బంతి ముళ్ళకంపలో పడింది. తీసుకొచ్చి మళ్ళీ కొడితే మడుగులో పడింది. చేతులు తిమ్మిరెక్కి నక్క వాటిని ఊదుకుంది. గేదె దెబ్బ కూడా వంకరగానే తగిలింది. అయినా బంతి లేచి, మడుగు దాటి, గుంట ఉన్న పచ్చిక అంచున పడింది.

"ఐరన్ మార్చుకుంటాను," అంది నక్క.

"సరే, ఏది కావాలి?" అనడిగింది ఎలుగుబంటి.

నక్క నోరు తెరిచింది. తప్పుకాపు అన్న పేరు మాత్రం బయటకు రాలేదు. చివరిదాకా సన్నంచుతోనే కొట్టి, కంప నుంచి కంపకు తిరిగి ఓడిపోయింది.

"పీతలు కావాలని అడిగితే నేనే లేచి పక్కకు జరిగేదాన్ని బావా," అంది గేదె. "అది వదిలేసి నాకు బుద్ధి లేదని నా చేతే అనిపించావు. ఇక నీ షరతు ప్రకారమే నువ్వు నడువు."

దూడ నీళ్ళలోకి దిగింది. నక్క నాలుక వేలాడేసుకుని, నీళ్ళు వెతుక్కుంటూ కొండ అవతలికి పోయింది.

చేతనైన పనిముట్టు పట్టుకోవడం చిన్నతనం కాదు, చేతకానిదాన్ని పొగడ్తలతో అంటగట్టడమే నీచం.