గవిరమ్మ కోసిన అవిసాకు

కోటలోని కుందేళ్లను గవిరమ్మ మేపేది. కొత్తగా వచ్చిన పెత్తందారు సోమరాజు, "రాజుగారి కుందేళ్లకు పచ్చగరిక తప్ప మరేదీ పెట్టకూడదు" అని ఆజ్ఞ ఇచ్చాడు. వానాకాలం బాగానే గడిచింది. వేసవిలో గరిక మాడిపోయింది. ఆకలికి రెండు కుందేలు పిల్లలు చచ్చిపోయాక గవిరమ్మ తట్టుకోలేకపోయింది. అవిసాకు, మునగాకు కోసి, నీడలో కాస్త వాడనిచ్చి పెట్టింది. మిగిలినవి కోలుకున్నాయి.

ఆజ్ఞ మీరిందని సోమరాజు ఆమెను రాజుగారి ముందు నిలబెట్టాడు.

"ఏం చెప్పుకుంటావు?" అన్నాడు రాజు.

"గరిక మాడిపోయి, ఆకలికి రెండు పిల్లలు చచ్చిపోయాయి, ప్రభూ. పెత్తందారుగారిని ఒక మాట అడగనివ్వండి," అని గవిరమ్మ అటు తిరిగింది. "అయ్యా, ఇవాళ మీ ఇంట్లో ఏం వండారు?"

"మామిడికాయ పప్పు."

"మరి కార్తీకంలో?"

"చిక్కుడుకాయ కూర."

"అప్పుడూ మామిడికాయ పప్పే వండించుకోవలసింది కదయ్యా?"

సోమరాజు విసుక్కున్నాడు. "కార్తీకంలో మామిడికాయలెక్కడివి? ఏ కాలంలో దొరికేది ఆ కాలంలో తింటాం!"

అన్నాక గాని తానేమన్నాడో అతనికి తెలియలేదు.

"పిల్లలు చచ్చిపోయినప్పుడే నాకెందుకు చెప్పలేదు?" అని రాజు గవిరమ్మను మెల్లగా అడిగాడు.

"ఆ ఆజ్ఞ మీరే ఇచ్చారనుకున్నాను, ప్రభూ."

రాజు తల దించుకున్నాడు. "ఇకమీదట మేత సంగతి నీ ఇష్టం," అన్నాడు.