సగం గీసిన గడ్డం

భానుమూర్తికి ఒక్క సంతకం కావాలి.

శనివారం సాయంత్రం టపాలో పేపరు మద్రాసు వెళ్లిపోవాలి. అక్కడ జరిగే సదస్సులో పది నిమిషాలు మాట్లాడే అవకాశం వచ్చింది. రైలు టిక్కెట్టు కూడా తీసేసుకున్నాడు. ఆసుపత్రి గేటు బయట కూర్చునే టైపిస్టు చేత నాలుగు కార్బన్ కాపీలు కొట్టించాడు. చివరి పేజీలో ప్రొఫెసర్ కూర్మనాథం గారి సంతకం పడడమే తరువాయి. మూడు రోజులుగా ఆ కాయితాలు ఆయన బల్ల మీద పేపర్‌వెయిట్ కిందే ఉన్నాయి. ఆయన చదివారు కూడా. పేజీల మధ్య నశ్యం పొడి రాలి ఉంది. సంతకం మాత్రం పడలేదు. భానుమూర్తి కాలుగాలిన పిల్లిలా ఆ గది ముందే తిరుగుతున్నాడు.

ముప్పై ఎనిమిదేళ్ల కిందటి మాట ఇది. ఉప్పుగాలికి కిటికీ ఊచలన్నీ తుప్పు పట్టిన పెద్దాసుపత్రి. మేడ మీద తలకాయ ఆపరేషన్ల వార్డు. కూర్మనాథం గారు దానికి పెద్ద, భానుమూర్తి ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్ర డాక్టరు. ఊరంతటికీ స్కానింగ్ మిషను ఒక్కటే, అదీ ప్రైవేటు వాళ్లది. మిగతాదంతా కంటితో చూసి, చేత్తో తట్టి తెలుసుకోవలసిందే. కూర్మనాథం గారు రోగుల మోకాళ్లు తట్టి చూడ్డానికి సైకిల్ ట్యూబు రబ్బరు తొడిగి తనే తయారుచేసుకున్న చిన్న సుత్తిని కోటు జేబులో పెట్టుకుని తిరిగేవారు. ఇప్పుడు భానుమూర్తి కూడా రిటైరైపోయాడు. అయినా డెట్టాలూ ఉడకబెట్టిన గుడ్డలూ కలిసిన ఆ వాసన ఎక్కడైనా తగిలితే చాలు, ప్రాణం ఆ మేడ మెట్లెక్కి పోతుంది. ఎంత బాగుండేవి ఆ రోజులు! అప్పుడు మాత్రం బాగున్నట్టు తెలియలేదు.

పేపరు సంగతి ఇదీ. తలకి దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టిన వాళ్లని ఎంత తొందరగా పోల్చుకుని ఎంత తొందరగా ఆపరేషన్ చేస్తే, ఎంతమంది ఎంత బాగా కోలుకున్నారు అన్నది. రెండేళ్లలో తొంభై మంది. ఇంటికెళ్లిన ఆరు నెలలకి ఒక్కొక్కరినీ మళ్లీ రప్పించి, ఐదు మెట్ల కొలబద్ద మీద అంకె వెయ్యాలి. ఒకటంటే మనిషి దక్కనట్టు. ఐదంటే పూర్తిగా కోలుకున్నట్టు. భానుమూర్తి లెక్కలో తొంభై మందికి డెబ్బై ఎనిమిది మంది ఐదులో తేలారు. ఇంత మంచి ఫలితం ఎక్కడా రాలేదని వాడి నమ్మకం. ఆ వారమంతా కాళ్లు భూమ్మీద ఆనలేదు.

శనివారం పొద్దున్న ఇక ఆగలేక గదిలోకి వెళ్లాడు.

"సార్, సాయంత్రం టపా..."

కూర్మనాథం గారు కాయితాల వైపు చూడలేదు. "ఈ డెబ్బై ఎనిమిది మందిలో ఇవాళ ఎవరైనా వచ్చారటోయ్?"

"ఒకతను వచ్చాడండీ. బంగారయ్య, నలభై ఒకటో నంబరు. చీటీ రాసి పంపించేస్తున్నాను."

"ఏం రాశావు?"

"పూర్తిగా నయమైంది, ఇక రానక్కర్లేదు అని."

"పంపకు. ఇలా రమ్మను."

బంగారయ్య వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి. ఉతికిన పంచె, భుజాన గళ్ల తువ్వాలు, చంకలో తోలు పొది. చీపురుపల్లి రైలు స్టేషను ఎదురుగా అతనికి చిన్న క్షౌరశాల ఉంది. ఎక్కడికి కదిలినా కత్తీ బ్రష్షూ ఉన్న ఆ పొది వెంట ఉండాల్సిందే. కిందటేడు బస్సు మీంచి పడి, తల కుడి పక్క దెబ్బ తగిలి, స్పృహ లేకుండా వచ్చాడు. లోపల రక్తం గడ్డకట్టిందని భానుమూర్తే పోల్చాడు, కూర్మనాథం గారు ఆపరేషన్ చేశారు. వెనకే అతని భార్య నరసమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

"ఎలా ఉన్నావు బంగారయ్యా?"

"మీ దయ బాబూ. బాగున్నాను. దేవుడి లాగ బతికించినారు."

భానుమూర్తి ఊరుకోలేదు. చేతులు చాపమన్నాడు, చాపాడు. పిడికిలి బిగించమన్నాడు, బిగించాడు. గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించాడు. నూరులోంచి ఏడు తీసెయ్యమన్నాడు, అందులోంచి మళ్లీ ఏడు. బంగారయ్య ఎక్కడా తడబడలేదు. చూశారా అన్నట్టు భానుమూర్తి గురువుగారి వైపు తిరిగాడు.

ఆయన బంగారయ్య మొహంలోకే చూస్తున్నారు. "గడ్డం నున్నగా ఉందే. ఎవరు గీశారు?"

"మా బామ్మర్ది బాబూ."

"నీకు నువ్వు గీసుకోవా?"

"గీసుకుందును బాబూ. ఆడే ఊరుకోడు. పొద్దున్నే కత్తట్టుకుని వొచ్చీస్తాడు."

నరసమ్మ తల దించుకుంది.

కూర్మనాథం గారు తన చుబుకం నిమురుకున్నారు. రెండు రోజుల గడ్డం గరగరలాడింది. "ఏమోయ్ భానుమూర్తీ, ఇతనికి ఐదు వేశావు కదూ?"

"వేశానండీ."

"అయితే నాకేం భయం?"

ఆపరేషన్‌కి ముందు రోగుల తలలు గొరిగే గది పక్కనే ఉంది. ఆయన వెళ్లి అక్కడి ఇనప స్టూలు మీద కూర్చున్నారు. కళ్లజోడు తీసి శిష్యుడి చేతిలో పెట్టారు. గొంతు పైకెత్తారు.

"కానీ బంగారయ్యా."

బంగారయ్య మొహం విప్పారింది. పొది విప్పి, కత్తి తోలు మీద నాలుగు సార్లు నూరి, పెద్దాయనకి ఎదురుగా నిలబడ్డాడు. కాయితం మీద ఐదు వేసినప్పుడు వణకని భానుమూర్తి గుండె ఇప్పుడు వణికింది. కిందటేడు పుర్రె తెరిచి మూసిన మనిషి చేతిలో కత్తి. ఆ కత్తి కింద గురువుగారి పీక. భానుమూర్తి చూపు ఆ అంచు మీంచి కదిలితే ఒట్టు.

బంగారయ్య చెయ్యి మాత్రం వెన్న మీద నడిచినట్టు నడిచింది. ఒక్క గాటు లేదు. పటిక రాశాడు, తువ్వాలుతో అద్దాడు. ఒకడుగు వెనక్కి వేసి తన పని చూసుకుని మురిసిపోయాడు.

"అయిపోనాది బాబూ. అద్దం సూసుకోండి."

భానుమూర్తి అప్పుడు గానీ ఊపిరి తీసుకుని మొహమంతా చూడలేదు. చూసి కొయ్యబారిపోయాడు. ఎడమ చెంప అద్దంలా ఉంది. ముక్కు కింద నుంచి చుబుకం దాకా గీత గీసినట్టు పని ఆగిపోయింది. కుడి చెంపకి సబ్బు నురగైనా అంటలేదు. నెరిసిన గడ్డం ఉన్నది ఉన్నట్టే ఉంది. తలుపు దగ్గర నర్సు నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కూర్మనాథం గారు అద్దంలో చాలాసేపు చూసుకున్నారు.

"తేలిక చెయ్యోయ్ నీది," అన్నారు. "మధ్యాహ్నం దాకా ఉండు. వెళ్లిపోకు."

లేచి కళ్లజోడు పెట్టుకుని, అదే మొహంతో రౌండ్స్‌కి బయల్దేరారు.

మెదడు కుడి పక్క దెబ్బ తిన్న వాళ్లలో కొందరికి ఎడమ పక్క లోకం ఉన్నట్టే తోచదు. కన్ను కనిపిస్తుంది, చెయ్యి ఆడుతుంది. అటు పక్క ఒకటుందన్న ధ్యాసే పోతుంది. పోయిందని వాళ్లకి తెలియదు కాబట్టి అడిగితే బాగున్నామనే అంటారు, అబద్ధమాడకుండానే. ఎదురుగా నిలబడ్డ బంగారయ్యకి ఎడమ పక్క అంటే, కూర్చున్న మనిషి కుడి చెంప. ఇదంతా భానుమూర్తి చదివినదే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే.

వరండాలో నరసమ్మ వాడికి అడ్డం వచ్చింది.

"బాబూ, ఆడికి సెప్పకండి. పేనం తీసుకుంటాడు."

"ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"ఇంటికొచ్చిన కాడ్నించీ. మొదట్లో జనం నవ్వీవోరు. తరవాత రావడం మానీసినారు. ఎవులో గిట్టనోళ్లు సేతబడి సేసినారంటాడు. అయినా రోజూ కొట్టు తీస్తాడు. ఎవులూ రాకపోతే కుమిలిపోతాడని మా తమ్ముడు రోజూ ఎళ్లి కూకుంటాడు బాబూ. సగం గీయించుకుని, మొకానికి తువ్వాలు కప్పుకుని ఇంటికొచ్చి, మిగతా సగం ఆడే గీసుకుంటాడు."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నానేటి సెప్పనూ? మీరడిగింది ఆడ్ని. ఆడు బాగున్నానన్నాడు. ఇంక రానక్కర్లేదని కాయితమ్మీద రాసీసినారు. మీరే నయమైపోనాదని రాసీస్తే ఇంకెవులికి సెప్పుకుంటాం బాబూ?"

భానుమూర్తికి తల కొట్టేసినట్టయింది. చీటీ ఆమె చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. వార్డులోకి పరిగెత్తాడు.

నలభై రెండు మంచాలు. ప్రతి మంచం దగ్గరా కూర్మనాథం గారు ఆ సగం గడ్డంతోనే ఆగారు. కుర్ర డాక్టర్లు ఒకరినొకరు గిల్లుకున్నారు. ఒక రోగి తల్లి "పెద్ద డాక్టరు గారికి మొక్కేదైనా ఉందేమో" అని పక్కామెతో అంది. సూపరింటెండెంటు ఎదురుపడి నమస్కారం పెట్టబోయి, ఆ మొహం చూసి తన చెంప తడుముకున్నాడు. ఎవరికీ ఆయన ఒక్క మాట చెప్పలేదు. వెనకే నడుస్తున్న భానుమూర్తికి మాత్రం ప్రతి మంచం దగ్గరా తన మొహానికే మసి పూసినట్టుంది.

మధ్యాహ్నం ఆయన మళ్లీ ఆ గదికి వచ్చారు. ఈసారి స్టూలు తిప్పి, బంగారయ్యకి వీపు పెట్టి కూర్చున్నారు. తల వెనక్కి వాల్చి అతని పొట్టకి ఆనించారు.

"బంగారయ్యా, ఇలా వెనక నుంచి ఒకసారి చూడు."

బంగారయ్య వంగి చూశాడు. ఇప్పుడు ఆ కుడి చెంప అతనికీ కుడి పక్కే ఉంది. అదిరిపడ్డాడు.

"అయ్యో బాబూ! ఇటేపు ఇలగ ఒగ్గీసినారేటి? ఎవుడు గీసినాడు మీకు?"

నరసమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

"ఎవరో తొందరలో ఉండి వదిలేశారోయ్," అన్నారు కూర్మనాథం గారు. "నువ్వు పూర్తి చెయ్యి."

బంగారయ్య ఆ తొందరపాటు మనిషిని తిట్టుకుంటూ, సబ్బు రాసి, ఓపిగ్గా పూర్తి చేశాడు.

భానుమూర్తి గురువుగారి గదిలోకి వెళ్లి, పేపర్‌వెయిట్ ఎత్తి, నాలుగు కాపీలూ తీసుకుని వచ్చేశాడు. సాయంత్రం టపా వెళ్లిపోయింది. రైలు టిక్కెట్టు పర్సులోనే ఉండిపోయింది. సంతకం సంగతి కూర్మనాథం గారు అడగలేదు, వాడూ ఎత్తలేదు.

బంగారయ్య నెల రోజులు వార్డులోనే ఉన్నాడు. కూర్మనాథం గారు అతనికి ఒక్కటే నేర్పారు. సగం ఎదురుగా నిలబడి గీయాలి, మిగతా సగం వెనక్కి వెళ్లి గీయాలి. ఎందుకని అతను అడిగాడు. పెద్దాసుపత్రి పద్ధతి అన్నారాయన. అంతటితో అతనికి అదొక గొప్ప విద్య అయిపోయింది.

భానుమూర్తి మిగిలిన ఎనభై తొమ్మిది మంది వెంట పడ్డాడు. తొమ్మిది నెలలు పట్టింది. కార్డులు రాశాడు, బస్సులెక్కాడు, సైకిలు అద్దెకి తీసుకుని పొలం గట్ల మీద పడ్డాడు. ఎలా ఉన్నారని అడగడం మానేశాడు. చేసే పనేమిటో అడిగి, చేస్తుండగా పక్కన కూర్చుని చూశాడు. తను ఐదు వేసిన ఒక బడిపంతులు గారు బోర్డు మీద లెక్క సగం వేసి, కిటికీలోంచి చూస్తూ నిలబడిపోయారు. ఇంకో ఇంట్లో ఐదు వేసిన కోడలు పులుసులో ఉప్పు మూడు సార్లు వేసింది, అత్తగారు చప్పుడు చెయ్యకుండా నీళ్లు కలిపింది. తను మూడే వేసిన రిక్షా అతను ఒకడు మాత్రం ఇద్దరు మనుషుల్నీ బియ్యం బస్తానీ ఎక్కించుకుని, భానుమూర్తిని చూసి గంట కొట్టి మరీ వెళ్లిపోయాడు. ఆ రిక్షా అతని అంకె పెంచేటప్పుడు భానుమూర్తికి ఏడుపొచ్చినంత పనైంది. చివరికి డెబ్బై ఎనిమిది కాస్తా యాభై మూడయింది.

కూర్మనాథం గారు పోయి ఇరవై ఏళ్లు దాటింది. సైకిల్ ట్యూబు సుత్తి ఇప్పుడు భానుమూర్తి బీరువాలో ఉంది, రబ్బరు పిగిలిపోయి. చేతిలోకి తీసుకుంటే ఆ తొమ్మిది నెలల ఆఖరి రోజు గుర్తొస్తుంది.

ఆ రోజు పొద్దున పాసింజరులో చీపురుపల్లి దిగాడు. స్టేషను ఎదురుగా కొట్టు తెరిచి ఉంది. అప్పటికే ఇద్దరు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. మూడోవాడు బంగారయ్య బావమరిది. పేపరు చదువుకుంటున్నాడు.

"రండి బాబూ," అన్నాడు నవ్వుతూ. "నానిప్పుడు వారానికోపాలే గీయించుకుంటన్నాను. బావకి తీరికుండట్లేదు."

భానుమూర్తి తన వంతు వచ్చేదాకా కాచుకుని కుర్చీలో కూర్చున్నాడు. బంగారయ్య ఎదురుగా నిలబడి సగం గీశాడు. కత్తి తుడుచుకుని, కుర్చీ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాడు. వాడి తల వెనక్కి వాల్చి తన పొట్టకి ఆనించుకున్నాడు. భానుమూర్తి కళ్లు మూసుకున్నాడు.

మధ్యాహ్నానికి ఆసుపత్రికి తిరిగొచ్చి, చీపురుపల్లి నుంచే వస్తున్నానని చెప్పి, కొత్తగా టైపు చేయించిన కాయితాలు గురువుగారి ముందు పెట్టాడు. ఆయన పేజీ తిప్పలేదు. అంకె ఎంత తేలిందని అడగలేదు.

"ఇలా దగ్గరికి రా," అన్నారు.

వాడు వంగాడు. ఆయన చెయ్యి చాపి, వేలి వెనకభాగంతో వాడి కుడి చెంప మీద చెవి నుంచి చుబుకం దాకా మెల్లగా రాసి చూశారు.

తర్వాత పెన్ను మూత తీశారు.