పైడమ్మ ముస్తాబు

కోదండపాణిగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే చెప్పులు వేసుకుని నడకకు బయలుదేరుతారు. జవాబు దారిలో దొరికితే దొరికినట్టు, లేకపోతే కాళ్ళనొప్పులు మిగిలినట్టు. ఈ బాధ పడలేకే శిష్యుల్లో చాలామంది ప్రశ్నలు అడగడం మానేశారు.

భుజంగరావు మాత్రం మానలేదు. ఆయన విద్యుత్ శాఖలో ఇంజనీరు. ఏ చిక్కయినా ఎక్కడో ఒక తీగ తెగినందువల్లే వస్తుందని ఆయన నమ్మకం. "ఉన్నది ఉన్నట్టు చూడమని ఆరేళ్ళుగా చెబుతున్నారు. చూస్తూనే ఉన్నాను కదండీ! మరి నాకేమీ కనబడదేం? అడ్డమేమిటి?" అని ఆ ఆదివారం పొద్దున్నే కాస్త విసురుగా అడిగాడు. గురువుగారు చెప్పులు వేసుకున్నారు. భుజంగరావు నిట్టూర్చి, దారిలో నాలుగు ఫోటోలైనా దక్కుతాయని, వారం కిందట కొన్న కెమెరాను మెడలో తగిలించుకున్నాడు.

దక్కితే ఒట్టు. కొంగలకు గురిపెడితే అవి లేచిపోయాయి. పడవకు గురిపెడితే ఎవరో వచ్చి దాని మీద లుంగీ ఆరేశారు. ఎండ ముదిరిపోతోందన్న కంగారుతో చెమటలు కక్కుతూ జాలరిపేటలోకి వచ్చేసరికి, ఒక ఇంటి ముందు పైడమ్మ అనే ముసలామె ఎండుచేపలు తిరగేస్తూ కనిపించింది. రేగిన జుట్టు, ముఖం నిండా ముడతలు, వాటి మీద ఏటవాలు ఎండ. భుజంగరావుకు ప్రాణం లేచివచ్చింది.

"ఫోటో తీస్తానవ్వా! అలాగే ఉండు, కదలకు!"

ఫోటో అనగానే ఆమె చటుక్కున లోపలికి వెళ్ళిపోయింది. అయిదు నిమిషాలు, పది, పావుగంట. ఎండ కాస్తా జరిగిపోయింది. భుజంగరావుకు తల బాదుకోవాలనిపించింది. గురువుగారు తాపీగా చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నారు.

చివరికి ఆమె వచ్చింది. నూనె రాసి దువ్విన తల, మడత విప్పిన చీర, ముఖాన తెల్లగా పౌడరు. భుజంగరావు ముచ్చటపడిన ముడతల్లో సగం ఆ పౌడరు కిందే పోయాయి. ఆమె గుండెలకు ఆనించి ఒక చిన్న ఫోటో పట్టుకుంది.

"మా ఆయన. ఓటు కార్డుకి తీసింది. నలభయ్యేళ్ళు కాపరం చేసినాం, ఇద్దరం కలిసి ఒక్క ఫోటో నేదు బాబూ. ఆడికి సిగ్గు. పోయేదాకా ఆ సిగ్గు వదల్లేదు. ఇద్దర్నీ కలిపి తియ్యి."

"సరే సరే. నవ్వకు," అన్నాడు భుజంగరావు పళ్ళ బిగువున. ఆ చిన్న ఫోటో ఆయన కంటికి నలకలా అడ్డం పడుతోంది. లెన్సు తిప్పి, ఆ ఫోటోను ఫ్రేములోంచి తప్పించి, ఆమె ముఖాన్ని దగ్గరికి లాగి టక్కున నొక్కాడు. పౌడరుతో సహా బ్రహ్మాండంగా వచ్చింది. ఆ ఉదయమంతటిలో మొదటిసారిగా ఆయనకు తృప్తి కలిగింది. కెమెరా వెనక తెరను గర్వంగా ఆమె వైపు తిప్పాడు.

పైడమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని వంగి చూసింది. కెమెరాను కాస్త పక్కకు వంచి కూడా చూసింది.

"మా ఆయనేడి బాబూ?"

"అది కాదవ్వా, ముఖం ఎంత సహజంగా వచ్చిందో..." అని మొదలుపెట్టి భుజంగరావు గురువుగారి వైపు తిరిగాడు. ఆయన అరుగు దిగి చెప్పులు వెతుక్కుంటున్నారు.

"ముందు ఆవిడకు జవాబు చెప్పు, భుజంగం," అన్నారు. "నువ్వడిగినదానికీ అదే."