ఎస్తేరమ్మ వేసిన నీలిచుక్క

ఆ గోల ఆపడం ఎలా? వకుళకి పట్టిన పిచ్చి అదొక్కటే.

గోలంటే వీధిలో గోల కాదు, మనిషి ఒంట్లో తెల్లకణాలు చేసే గోల. మామూలుగా ఏదైనా సూక్ష్మజీవి ఒంట్లోకి చొరబడితే, దాన్ని ఆనవాలు పట్టగలిగిన కొద్దిపాటి కణాలే లేచి కేక వేస్తాయి. మిగతావి తమ పని తాము చూసుకుంటాయి. కానీ స్టాఫ్ అనే సూక్ష్మజీవిలో కొన్ని రకాలు మహా టక్కరివి. ఏ చిన్న గాయంలోనో తిష్ఠ వేసి, అక్కణ్ణించి కదలకుండా, రక్తంలోకి ఒక విషం వదులుతాయి. ఆ విషం అర్హత చూడదు, అవసరం చూడదు. ఎదురైన కణాన్నల్లా తట్టి లేపుతుంది. దొంగ ఒక్కడు, కేకలు వేసేవాళ్ళు ఊరంతా. దొంగ ఎత్తుకుపోయేది తక్కువే, ఊరు పోయేది ఆ తొక్కిసలాటలో. జ్వరం, ఒళ్ళంతా ఎర్రదనం, రక్తపోటు పాతాళానికి. డాక్టర్లు దాన్ని టాక్సిక్ షాక్ అంటారు.

వకుళ చెల్లెలు సుగుణ అలాగే పోయింది. గంజి వారుస్తుంటే చెయ్యి కాలింది. అరచేతంత కూడా లేదు గాయం. ఒళ్ళు ఎర్రబడితే అమ్మవారు పోసిందన్నారు. వేపమండలు కట్టారు. ఆసుపత్రికి తీసుకుపోతే తల్లికి కోపం వస్తుందన్నారు. ఆ మాట అన్నవాళ్ళందరూ ఇప్పటికీ దుక్కల్లా ఉన్నారు. పిల్లే లేదు.

అప్పటినుంచీ వకుళకి తెల్లకణాలంటే పగ. కాపలా కాయాల్సినవాళ్ళే ఇల్లు కూల్చారని.

ఆ పగతోనే చదివింది. ఆ పగతోనే వచ్చి, సముద్రపు ఒడ్డున ఒక పాతభవనంలో ఉన్న ఎస్తేరమ్మ గారి ల్యాబ్‌లో చేరింది. డాక్టర్ ఎస్తేరు ఈ జబ్బు మీదా, దీని అక్కచెల్లెళ్ళ మీదా, అంటే ఒళ్ళు తన మంటలో తానే కాలిపోయే జబ్బులన్నిటి మీదా జుట్టు నెరిసేదాకా పనిచేసిన మనిషి. పెద్ద సభలకి పిలిస్తే వెళ్ళదు. వెళ్తే మాట్లాడదు. మాట్లాడితే పిలిచినవాళ్ళు ఇంకోసారి పిలవరు.

ఆవిడ ల్యాబ్‌లో కొన్ని కట్టుబాట్లున్నాయి. ఎవరి ప్రయోగానికి వాళ్ళే ముందు చెయ్యి చాపి రక్తం ఇవ్వాలి. ఊరివాళ్ళ రక్తం తర్వాత. ఫలితం వచ్చినవాళ్ళు అందరికీ కాజాలు తేవాలి. కాజా తిన్నవాళ్ళు ఇక ఆ పనిలో తప్పు పట్టకూడదు. పట్టేదేమైనా ఉంటే తినకముందే పట్టాలి.

ఆ పొద్దున వకుళ కాజాలు తెచ్చింది.

వస్తూనే చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటు ఒకటి అందరి ముక్కుల కిందా తిప్పింది. కణాలు గోల చేస్తే వాటి మీది నీళ్ళు, పరీక్ష మందు కలపగానే, పసుప్పచ్చగా మారతాయి. ఎంత గోలైతే అంత పసుపు. విషం ఒక్కటే వేసిన గుంటలు పసుపు కలిపిన నీళ్ళలా ఉన్నాయి. విషంతోపాటు వకుళ తయారుచేసిన మందు కూడా ఎక్కువ మోతాదులో వేసిన పై వరస మాత్రం తేటగా, మంచినీళ్ళలా ఉంది.

ఒక్క కణం నోరెత్తలేదు.

పక్క బల్ల దగ్గర పనిచేసే సుభానీ వకుళకన్నా సీనియర్. ఇంకోసారి చేసి చూస్తే పోయేదేముంది అన్నాడు. నీ కడుపుమంటకి కూడా మందు కనిపెడతాలే అన్నయ్యా అని, అతని నోట్లో తనే కాజా కుక్కింది. ఇక అతను తప్పు పట్టడానికి లేదు. తక్కినవాళ్ళూ తిన్నారు. ఎవరికి మాత్రం సంతోషం కాదు? ఆ మధ్యాహ్నమే కమిటీ కూర్చుంటోంది. వాళ్ళు సరేనంటే మందు కుందేళ్ళదాకా వెళ్తుంది. కుందేళ్ళు దాటితే మనుషులు. వాళ్ళు కాదంటే దాన్ని అటక ఎక్కించడమే.

ఎస్తేరమ్మ కూడా కాజా తీసుకుంది. తీసుకుని, నోట్లో పెట్టుకోకుండా, డబ్బా మూతమీద పెట్టింది.

సుభానీ నమలడం ఆపాడు. వకుళ మాత్రం గమనించే స్థితిలో లేదు.

"మొత్తం ఆపేసింది మేడమ్. కణాలన్నీ శాంతించాయి."

"కణాలేవి?"

వకుళకి ప్రశ్న అర్థం కాలేదు. కొలిచింది కణాల మీద నిలిచిన నీళ్ళని. ఆ నీళ్ళు తీసేశాక, అడుగున మిగిలిన కణాల సంగతి ఆమె ఆలోచించనే లేదు. ఇంక్యుబేటర్‌లో వేరే ప్లేటులో ఉన్నాయి మేడమ్, సాయంత్రం పారేద్దామని ఉంచాను అంది.

"తీసుకురా."

తెచ్చింది. ఎస్తేరమ్మ చేతికి తొడుగు వేసుకుంది. పై వరసలో ఒక గుంటనుంచి ఒక బొట్టు తీసి గాజుపలక మీద పెట్టింది. ఫ్రిజ్‌లో మూలకి పడి ఉన్న నీలిరంగు సీసా తెచ్చి, ఆ బొట్టులో ఒక చుక్క కలిపింది. మైక్రోస్కోప్ కింద పెట్టింది. తను చూడలేదు. స్టూలు మీదనుంచి లేచి, వకుళని కూర్చోమని సైగ చేసింది.

ఆ నీలిరంగు తెలియనివాళ్ళు అలాంటి ల్యాబ్‌లో ఉండరు. చేరిన వారంలోనే నేర్పుతారు. బతికున్న కణం ఆ రంగుని గడప తొక్కనివ్వదు. చచ్చిన కణానికి గడపా ఉండదు, తలుపూ ఉండదు. ఇంత తెలిసినదాన్నే వకుళ వాడలేదు. గెలిచానని అనుకున్నవాళ్ళకి చిన్న పనులు కనపడవు.

కళ్ళు ఆనించి చూసింది. నీలం. పలక జరిపి చూసింది. నీలం. ఇంకో గుంటలోంచి తనే తీసి, తనే కలిపి, చూసింది. అక్కడా నీలమే.

"ఎవరివీ కణాలు?" అంది ఎస్తేరమ్మ.

"నావే మేడమ్."

వకుళ లేచి నిలబడింది. మందు మోతాదు ఎక్కువైందనీ, విషం చంపకముందే మందే చంపేసిందనీ చెప్పింది. ఆ వెంటే ఇంకో మాట కూడా అంది. పసుపు అంకెలు మాత్రం అబద్ధం కాదు మేడమ్, కమిటీవాళ్ళు అడిగేది వాటినే, ఈ ఒక్కసారికి వాటితో గట్టెక్కితే తర్వాత మోతాదు సరిచేసుకోవచ్చు అని. అన్నది ఎవరో కాదు, అబద్ధం చెప్పి చెల్లెల్ని చంపారని ఊరందరినీ తిట్టిన వకుళే. అనగానే ఆ మాట తనకే వినపడినట్టుంది, తల దించుకుంది.

ఎస్తేరమ్మ తిట్టలేదు. ఆ మాట విన్నట్టే లేదు.

"కింది వరసలు చూపించు."

"అవి పనికిరావు మేడమ్. మందు తక్కువ వేసినవి. ఎప్పుడు చేసినా సగమే తగ్గుతోంది. ఇంకా గొణుగుతూనే ఉన్నాయి."

"గొణగనీ. చూపించు."

వకుళ కింది వరసనుంచి ఒక బొట్టు తీసింది. నీలిచుక్క కలిపింది. చూడబోయేది తెలిసిపోయినట్టు నిర్లక్ష్యంగా కన్ను ఆనించింది.

కన్ను తియ్యలేదు.

నీలిరంగు నీళ్ళలో ఉడికిన సగ్గుబియ్యంలా, గుండ్రంగా, మెరుస్తూ, తెల్లగా కణాలు. ఒకటా రెండా, గుంపులు గుంపులుగా. ఎక్కడో ఒక్కటి తప్ప నీలమే లేదు. ఒక్కటీ రంగుని లోపలికి రానివ్వలేదు.

"అన్నయ్యా, ఇలా రా," అంది మెల్లగా. అతను చూశాడు. మందు అసలు వెయ్యని గుంటలోంచి, విషం తగిలి విచ్చలవిడిగా అరిచిన ఆ పసుప్పచ్చ గుంటలోంచి, ఒక బొట్టు తీసి పెట్టాడు. వకుళ చూసింది. అందులో సగానికి సగం నీలం. అరిచి అరిచి చచ్చాయి.

అక్కడ మొదలైంది హడావుడి. ఒకరు పలకలు తుడుస్తున్నారు, ఒకరు రంగు కలుపుతున్నారు, ఒకరు ఫొటోలు తీస్తున్నారు. మైక్రోస్కోప్ దగ్గర సినిమా టిక్కెట్ల వరస. ఒకరు చూసి లేవకముందే ఇంకొకరు భుజం తోస్తున్నారు. అరిచినవీ చచ్చాయి, నోరు నొక్కేసినవీ చచ్చాయి. గొణిగినవి బతికాయి. ఇన్నాళ్ళూ ఓటమని పక్కన పారేసిన ఫలితాలన్నీ వకుళ కళ్ళముందు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. అవన్నీ ఇదే చెప్పాయి. ఆమే వినలేదు. ఒకసారి నవ్వుతోంది, ఒకసారి ముక్కు చీదుతోంది, రెండూ కలిపి కూడా చేస్తోంది. సుభానీ అప్పటికే ఇంకో ప్లేటు సిద్ధం చేస్తూ, ఈసారి మందు లేకుండా మందు కరిగించే ద్రవం ఒక్కటే ఒక వరసకి వేసి, చంపింది అదేనేమో చూస్తానంటున్నాడు, నా కడుపుమంట కొద్దీ అని కూడా కలిపాడు.

ఎస్తేరమ్మ మూతమీదున్న కాజా తీసి నోట్లో పెట్టుకుంది.

మధ్యాహ్నం కమిటీ గది నిండుగా ఉంది. వకుళ నిలబడి, తన మందు తక్కువ మోతాదులో కణాల గోలని సగానికి తగ్గిస్తుందని చెప్పింది. ఇంకా చాలాసార్లు చేసి చూడాలని కూడా చెప్పింది. కమిటీ పెద్ద రంగాచార్యులు గారు కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని, సగమేనా అన్నారు. పక్కాయన కూడా సగమేనా అన్నాడు. పెద్దవాళ్ళ పక్కన కూర్చునేవాళ్ళ ఉద్యోగం అదే.

"మోతాదు పెంచితే మొత్తం ఆగదామ్మా?" అడిగారు రంగాచార్యులు గారు.

"ఆగుతుందండీ. పొద్దున ఆపాను."

తెరమీద నీలం ఫొటో వేసింది. అది దేని ఫొటోనో చెప్పింది. ఎవరి రక్తమో కూడా చెప్పింది. తర్వాత పక్కనే, తక్కువ మోతాదుతో బతికిన కణాల ఫొటో వేసింది.

రంగాచార్యులు గారు కళ్ళజోడు దించుకున్నారు. కుర్చీ తెరకి దగ్గరగా జరుపుకున్నారు. ఒక ఫొటో చూశారు, ఇంకోటి చూశారు, మళ్ళీ మొదటిది చూశారు. పక్కాయన ఏదో అనబోతే చెయ్యి ఎత్తి ఆపారు.

"కుందేళ్ళు ఎన్ని కావాలి?"

వకుళ నోరు తెరిచింది. గొంతులో సుగుణ అడ్డం పడింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె నిలబడే ఉంది.

వెనక వరసలోంచి ఎస్తేరమ్మ గొంతు వినపడింది.

"బతికే ఉన్నావుగా. పలుకు."